సున్నా చూపిన అరవై నాలుగు వరుసలు

నవంబరు 3

బిల్డ్ కాపరి ఈ పుస్తకాన్ని చేత్తో రాయాలి, తెలుగులో రాయాలి, కొత్తతీరంలో నీళ్లలోకి దిగే ఏ మనిషి వచ్చి అడిగినా చూపించాలి. అది మా సంఘం నియమం. నాలుగేళ్లుగా నేను రోజుకో వాక్యంతో సరిపెడుతున్నాను. "టెస్టులన్నీ పాస్, విడుదలకు సిద్ధం. చోడిపల్లి దేవుడమ్మ." ఇవాళ అలా రాయడానికి లేదు.

పొద్దున్నే వచ్చి కిటికీల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. సర్వర్లను చల్లబరిచే గొట్టాల జల్లెడ విప్పి, ఇరుక్కున్న నాచు తీసి కడిగాను. ఒకప్పుడు ఐస్ ఫ్యాక్టరీగా ఉన్న ఈ మేడలో మాకు మిగిలింది మూడో అంతస్తు ఒక్కటే. కింది రెండింట్లోనూ చేపలు తిరుగుతాయి. తరవాత కుర్చీ లాక్కుని, ఆరు గంటలకు తయారైన ప్రోగ్రాం కూర్పు మీద, అంటే బిల్డ్ మీద, వచ్చిన రిపోర్టు తెరిచాను.

టెస్టులు నాలుగు వందల పన్నెండు. అన్నీ పాసయ్యాయి. కవరేజి రిపోర్టులో మాత్రం ఒక ఫైలు ఎర్రగా ఉంది. ఆ ఫైలు పేరు "పైకితేల్చు". మొత్తం వరుసలు అరవై నాలుగు. నడిచినవి సున్నా.

నిన్న అరవై నాలుగూ నడిచాయి.

నాచుతోటల్లో దిగే ఆడవాళ్ల ఛాతీ మీద ఊపిరిపెట్టె ఉంటుంది. పన్నెండు బారల లోతులో వాళ్లు వదిలిన గాలిని శుభ్రం చేసి మళ్లీ వాళ్లకే ఇస్తుంది. ఆ పెట్టెలో ఏదైనా తేడా వస్తే, వీపు మీది సంచిని గ్యాసుతో నింపి మనిషిని పైకి తెచ్చేది "పైకితేల్చు". టెస్టులు నడుస్తున్నప్పుడు ప్రోగ్రాంలో ఏ వరుస నడిచింది, ఏది నడవలేదు అని చెప్పేది కవరేజి రిపోర్టు. ఏడేళ్ల కిందట ఒక్క రోజున పదకొండు మంది పైకి రాలేదు. వాళ్లను కాపాడాల్సిన వరుసలు అంతకు ముందు ఏ టెస్టులోనూ ఒక్కసారి కూడా నడవలేదని ఆ తరవాత తెలిసింది. అప్పుడు మిగిలినవాళ్లు నలభై రోజులు జెట్టీ మీద కూర్చుని ఒక నియమం సాధించారు. నడవని వరుస నీళ్లలోకి దిగకూడదు.

పెట్టెలు బాగుచేసే లింగరాజు బాబాయి టీ తీసుకుని పైకి వచ్చాడు.

"ఏటమ్మా, మొకం అలగుంది? మెషీను మొరాయించిందేటి?"

"టెస్టులన్నీ పాసయిపోనాయి బాబాయ్. పైకితేల్చు మాత్రం నడవనేదని రిపోర్టు సెప్తంది."

"నడవకుండా పాసెలగవుద్ది?"

టీ తాగేసి గ్లాసు ఇచ్చాను.

నవంబరు 4

మొదట ఫైళ్ల దారి చూశాను. రిపోర్టు తయారుచేసే ప్రోగ్రాం ఫైళ్లను ఒకచోట వెతుకుతూ, అసలు ఫైళ్లు మరోచోట ఉంటే ఇలా సున్నా వస్తుంది. పోయినేడు సర్వర్లను గోడకు ఇంకా పైకి ఎత్తినప్పుడు ఒకసారి అలాగే జరిగింది. ఈసారి దారి సరిగ్గానే ఉంది.

తరవాత కలపడం చూశాను. మా టెస్టులు ఆరు యంత్రాల మీద విడివిడిగా నడుస్తాయి. ఒక్కో యంత్రం తన ఫలితాల ఫైలు పంపితే, అన్నిటినీ కలిపి ఒక రిపోర్టు చేస్తాం. ఆరు ఫైళ్లూ వచ్చాయి. నాలుగో యంత్రం ఫైల్లో "పైకితేల్చు" ఊసే లేదు. ఆ యంత్రం మీద టెస్టు నడిచింది, పాసైంది. ఎన్ని వరుసలు నడిచాయో మాత్రం రాయలేదు.

పాత బిల్డ్ మళ్లీ నడిపాను. అరవై నాలుగు. కొత్త బిల్డ్ నడిపాను. సున్నా. ఇలా ఎనిమిది సార్లు చేశాను. రిపోర్టు ఒక్కసారైనా మాట మార్చలేదు. అప్పుడప్పుడు వచ్చిపోయే లోపమైతే పెంకితనం అనుకోవచ్చు. ఇది పెంకితనం కాదు.

రెండు బిల్డ్‌లకూ మధ్య మారింది ఒక్కటే. కొత్త బ్యాటరీల కోసం, తీరాలన్నిటి మీదా పెత్తనం చేసే తీరమండలి పంపిన "కాపలా" అనే ప్రోగ్రాం ముక్క.

నవంబరు 5

దొరికింది. రాసే ముందు మూడుసార్లు సరిచూసుకున్నాను.

ఏ వరుస నడిచిందన్న లెక్కను ప్రోగ్రాం మెమరీలో ఉంచుకుంటుంది. తన పని ముగించి, తనంతట తాను ఆగిపోయే ముందు మాత్రమే ఆ లెక్కను డిస్కు మీద రాస్తుంది. మధ్యలో ఎవరైనా చంపేస్తే లెక్క కూడా దానితోపాటే పోతుంది. "పైకితేల్చు"ను చంపుతున్నది కాపలా.

కాపలా పని మంచిదే. పెట్టెలో ఏదైనా ప్రోగ్రాం రెండు సెకన్లపాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, అది బిగుసుకుపోయిందని లెక్కించి చంపి మళ్లీ మొదలుపెడుతుంది. పన్నెండు బారల లోతులో సంచి నిండడానికి మూడున్నర సెకన్లు పడుతుంది. అంతసేపూ "పైకితేల్చు" ఎవరితోనూ మాట్లాడదు, తన పని తాను చేసుకుంటుంది. రెండో సెకనుకు కాపలా దాని పీక నొక్కుతోంది.

మరి టెస్టు ఎలా పాసైంది? తెరిచి చూశాను. పైకి తేల్చమన్న ఆదేశం అందిందా లేదా అని మాత్రమే ఆ టెస్టు అడుగుతుంది. ఆదేశం అందుతోంది. అందగానే పాస్. సంచి నిండిందా అని అడగదు.

ఆ టెస్టు రాసింది నేనే, మూడేళ్ల కిందట. ఈ పుస్తకం అడిగి చదివేవాళ్లకు ఆ సంగతి తెలియాలి.

నవంబరు 6

మేనేజరు శశిభూషణరావు గారి దగ్గరికి వెళ్లాను. తీరమండలి ఆయన్ను మా దగ్గరికి పంపి రెండేళ్లయింది. చెడ్డమనిషి కాదు. పోయిన తుపానులో పెట్టెలన్నీ ఆయన కూడా మోసి పైకి చేర్చాడు. నేను చెప్పింది మొత్తం విన్నాడు.

"దేవుడమ్మగారూ, టెస్టు పాసైంది. రిపోర్టు రాసే విధానంలో ఇబ్బంది వచ్చింది. అంటే ఇది రిపోర్టు లోపమే కదా?"

"కాదు సార్. టెస్టులో నడిచే కాపలాయే పెట్టెలోనూ నడుస్తుంది. ఇక్కడ చంపితే అక్కడా చంపుతుంది."

"అక్కడా చంపుతుందని మీ అనుమానం."

"అనుమానమే. అనుమానం ఉన్నప్పుడు దించకూడదనే గదా నియమం."

ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. "పదో తారీకున సీజను మొదలు. పాత బ్యాటరీలు పనికిరావు, కొత్తవాటికి ఈ ప్రోగ్రాం తప్పదు. కాపలా జోలికి పోవాలంటే మండలి అనుమతి కావాలి, దానికి నెల పడుతుంది. ఆ ఒక్క ఫైలునూ మినహాయింపు జాబితాలో పెట్టండి. మిగతాదంతా నూటికి నూరు ఉంది. సీజను అయ్యాక తీరిగ్గా చూద్దాం."

మినహాయింపు జాబితాలో ఇప్పుడున్నవి పెట్టె దీపం రంగులు మార్చే ఫైలు, పండగ పూట పాట వినిపించే ఫైలు. వాటి పక్కన దీన్ని రాయమంటున్నాడు.

"రాయను సార్," అన్నాను.

"మీ ఇష్టం కాదిది."

"నా తాళం తిరగకుండా విడుదల కాదు. అంతవరకు నా ఇష్టమే."

విడుదలకు రెండు తాళాలుండాలి. ఒకటి ఆయనది, ఒకటి నాది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. తాళం జేబులోనే ఉంది.

నవంబరు 7

ఆరు గంటల బిల్డ్‌లో "పైకితేల్చు" అరవై నాలుగుకు అరవై నాలుగు చూపించింది. మొత్తం కవరేజి నూరు. ఆకుపచ్చ.

నేనేమీ మార్చలేదు. నిన్న సాయంత్రం నుంచి ఎవరు ఏం మార్చారో చూశాను. టెస్టు యంత్రాల సెట్టింగుల్లో ఒకే ఒక్క అంకె మారింది. కాపలా ఓపిక పట్టే కాలం రెండు సెకన్ల నుంచి పది సెకన్లు అయింది. టెస్టు యంత్రాల్లో మాత్రమే. పెట్టెల్లోకి వెళ్లే సెట్టింగుల్లో రెండు రెండుగానే ఉంది.

మార్చినవారి పేరు శశిభూషణరావు.

ఇది మినహాయింపు జాబితా కన్నా దారుణం. జాబితాలో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చదివి అడుగుతారు. నూరు కనిపిస్తే ఇంకెవరు అడుగుతారు? నియమం అక్షరాలా నెరవేరింది. ప్రతి వరుసా నడిచింది. ఏ మనిషి ఛాతీ మీదా లేని యంత్రంలో నడిచింది.

ఆయన పైకి వచ్చి నా వెనక నిలబడి అడిగాడు. "ఇప్పుడు అభ్యంతరం ఏమిటి?"

"అంకె మీద అభ్యంతరం లేదు సార్. అది వచ్చిన దారి మీద."

"తాళం తిప్పండి."

"తిప్పను."

"కారణం రాసివ్వండి."

ఈ పుస్తకంలోని నాలుగు పేజీలు ఫోటో తీసి ఇచ్చాను.

నవంబరు 8

ఈ రోజు జల్లెడ కడగలేదు. తలుపు తీసే కార్డు పనిచేయలేదు. "అత్యవసర అధికారం కింద పాత రెండో తాళం రద్దు చేసి కొత్తది మేనేజరుకు అప్పగించడమైనది, బిల్డ్ కాపరి సెలవులో ఉన్నట్టు భావించడమైనది" అని మండలి నుంచి కాగితం తలుపుకు అంటించి ఉంది. నేను సెలవు అడగలేదు.

మధ్యాహ్నం కింద, నీటి అంచున ఉన్న ర్యాంపు మీద లింగరాజు బాబాయి పెట్టెలను ఒక్కొక్కటిగా కేబులుకు తగిలించి కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు.

"ఎక్కించమన్నారమ్మా. నానేటి సెయ్యను?"

"నీ తప్పేటి లేదు బాబాయ్. ఎక్కించినవి ఎన్ని?"

"ముప్పైయొకటి. మిగతాయి రేపు."

నవంబరు 9

నీళ్లలోకి దిగే నలభై చిల్లర మందికి పెద్ద మా వదిన, వాసుపల్లి నూకరత్నం. ఏడేళ్ల కిందట పైకి రాని పదకొండు మందిలో ఆమె చెల్లెలు పైడమ్మ ఒకతె. పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్లాను. మా ఇళ్లన్నీ స్తంభాల మీదే ఉంటాయి, నిచ్చెన ఎక్కాలి. నేను సగం నిచ్చెనలో ఉండగానే పైనుంచి మాట వచ్చింది.

"నువ్వు తాళం తిప్పనన్నావట గదే."

"నిజమే వొదినా."

"నిజమేనంటావేటి? తోట కోతకొచ్చీసింది. ఇంకో పది రోజులు పోతే నాచు ముదిరిపోద్ది, పశువులు కూడా ముట్టుకోవు. మేం ఏటి తిని బతకాల? మీ అన్న వారం నుంచి ఆరబెట్టే కళ్లం ఊడ్సుకొని కూకున్నాడు."

పైకి ఎక్కి చాప మీద కూర్చున్నాను. ఆమె వలగుడ్డ చేతి తొడుగులు కుడుతోంది. తలెత్తలేదు.

"రిపోర్టు నూరు సూపిస్తందంట గదా. ఊరంతా అదే మాట. మరి నీకేటి నొప్పి?"

"నూరు వచ్చినట్టు సేసినారు వొదినా. పైకితేల్చుకి మూడున్నర సెకన్లు గావాల. పెట్టెలో దానికి రెండే ఇస్తన్నారు. రెండయ్యాక సంపేస్తన్నారు."

సూది ఆగింది. ఆమె పెదవులు కదిలాయి. ఒకటి, రెండు. అక్కడ ఆపింది.

"ఇదేనా?"

"అదే."

నా మీద కోపం పోయిందో లేదో తెలియలేదు. చివరికి తొడుగు పక్కన పెట్టింది.

"నువ్వు కాగితం మీద సెప్తన్నావు. ఆయన కూడా కాగితమే సూపిస్తన్నాడు. నానెవుర్ని నమ్మాల? నీళ్లలో సూపించు."

"మనిషిని దించను."

"మనిషినెవులు దించమన్నారే? ఇసక్కి ఊపిరి అక్కర్నేదు గదా."

లింగరాజు బాబాయి మధ్యాహ్నమంతా కూర్చుని అయిదు గోనెసంచులు సిద్ధం చేశాడు. నీళ్లలో మనిషి ఎంత తూగుతుందో అంత తూగేలా ఇసుక కొలిచి పోశాడు. ఒక్కోదానికి కొత్త ప్రోగ్రాం ఎక్కించిన ఒక పెట్టె, ఒక గాలిసంచి. పెద్ద బ్యాటరీ ప్లగ్గుకు సన్నని తాడు కట్టాడు. పైనుంచి తాడు లాగితే ప్లగ్గు ఊడాలి, చిన్న బ్యాటరీ అందుకోవాలి, "పైకితేల్చు" మొదలవ్వాలి. రేపు పొద్దున్న ఎనిమిదింటికి జెట్టీ దగ్గర అని వదిన అందరికీ కబురు పెట్టింది. మేనేజరుకూ పెట్టింది.

నవంబరు 10

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనిమిదింటికి జెట్టీ మీద అందరూ ఉన్నారు. శశిభూషణరావు గారూ వచ్చాడు. "ఇది అనధికార పరీక్ష, దీని ఫలితం చెల్లదు" అని ముందే చెప్పాడు. చెప్పి, వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డాడు.

జెట్టీ దగ్గర లోతు రెండు బారలు. మొదటి సంచి దించాం. అడుగు తగిలాక బాబాయి తాడు లాగాడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టేలోపే గాలిసంచి నీళ్ల మీదికి పొంగి వచ్చింది, దాని కింద ఇసుక మూట వేలాడుతూ.

రెండోదీ వచ్చింది. మూడోదీ వచ్చింది.

ఎవరూ నావైపు చూడలేదు. అది చూడటం కన్నా కష్టంగా ఉంది. ఇద్దరు ముగ్గురు అప్పుడే తమ పెట్టెలు అందుకుని బెల్టులు బిగించుకుంటున్నారు.

"చూశారుగా," అన్నాడు శశిభూషణరావు గారు. ఎగతాళిగా అనలేదు. బరువు దించుకున్నవాడిలా అన్నాడు.

ఎక్కడ తప్పాను? మూడున్నర సెకన్లని నా అంతట నేను అనుకున్నది కాదు, టెస్టు యంత్రమే చెప్పింది. ఆ యంత్రానికి లోతు ఎంత ఇచ్చానో గుర్తు చేసుకుంటున్నాను. ఈలోగా వదిన ముందుకు వచ్చింది.

"మా తోట ఇక్కడుందేటి బావూ?"

ఆయన అర్థంకానట్టు చూశాడు.

"రెండు బారల్లో నాచుండదు. మేం దిగీది పన్నెండు బారల్లో. ఈ సంచులు అక్కడికి దించాల."

అప్పుడు నాకు తట్టింది. లోతు పెరిగే కొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది, సంచి నిండడానికి ఎక్కువ గ్యాసు కావాలి, ఎక్కువసేపు కావాలి. జెట్టీ దగ్గర రెండు సెకన్ల లోపే నిండిపోతోంది. కాపలాకు దాన్ని చంపే అవకాశమే రాలేదు. నాకు తట్టడానికి ముందే ఆమెకు తెలుసు. ఇరవయ్యేళ్లుగా ఆ ఒత్తిడిని ఒంటితో మోస్తోంది.

పెద్ద పడవలో పదిహేను మందిమి వెళ్లాం. మేనేజరు తనంతట తానే ఎక్కాడు. తోట మీద లంగరు వేసి నాలుగో సంచి దించాం. పన్నెండు బారల తాడు ఖాళీ అయ్యింది. బాబాయి సన్నతాడు లాగాడు.

నీళ్ల మీద బుడగలు వచ్చాయి. ఆగిపోయాయి. కాసేపటికి మళ్లీ వచ్చాయి. మళ్లీ ఆగిపోయాయి.

సంచి రాలేదు.

కింద ఏం జరుగుతోందో నాకు వరుస వరుసగా తెలుసు. "పైకితేల్చు" మొదలవుతోంది, గాలిసంచి సగం నిండుతోంది, కాపలా చంపుతోంది, మళ్లీ మొదలుపెడుతోంది. మళ్లీ మొదలైన ప్రతిసారీ "పైకితేల్చు" ముందుగా చేసే పని సంచిని ఖాళీ చేసుకోవడం. ఆ ఖాళీ చేసిన గ్యాసే మాకు బుడగలుగా కనిపిస్తోంది. గ్యాసు సీసా అయిపోయేదాకా అలా చేస్తూనే ఉంటుంది.

బుడగలు పదకొండుసార్లు వచ్చాయి. తరవాత రాలేదు. పడవలో ఉన్న ఆడవాళ్లు లెక్కపెట్టారు.

అయిదో సంచీ రాలేదు. జెట్టీ దగ్గర తేలిన మూడింటికీ కొత్త గ్యాసు సీసాలు బిగించి వాటినీ దించాం. అవీ రాలేదు. అయిదింటినీ తాళ్లు పట్టి చేతులతో పైకి లాగాం.

వదిన ఒక సంచి మీది నీళ్లు చేత్తో తుడిచింది. శశిభూషణరావు గారివైపు తిరిగి, గొంతు పెంచకుండా అడిగింది.

"ఇందులో ఇసకున్నాది. రేపెవుల్ని పెడతారు బావూ?"

పడవ ఒడ్డుకు చేరేదాకా ఆయన సంచులవైపే చూస్తూ కూర్చున్నాడు. జెట్టీ దిగాక నా దగ్గరికి వచ్చాడు.

"ఆ పది సెకన్ల అంకె నేనే మార్చానని మీ పుస్తకంలో రాశారా?"

"ఏడో తారీకునే రాశాను సార్."

"మంచిది. ఈ రోజు పేజీలో, విడుదల ఆపు చేస్తూ ఉత్తర్వు నేనే ఇచ్చానని కూడా రాయండి. మండలిని అడక్కుండా ఇచ్చానని రాయండి."

రాశాను.

నవంబరు 12

మండలి నన్ను సస్పెండు చేసింది. కారణం అనధికార పరీక్ష. కార్డు ఇంకా పనిచేయదు. పొద్దున్న వదిన, మరో ఆరుగురు వచ్చి మా మూడో అంతస్తు తలుపు బందులు విప్పి తలుపును గోడకు ఆనించారు. "ఇంక కార్డుతో పనేటుంది, ఎల్లు" అంది వదిన. శశిభూషణరావు గారు తన గదిలోంచి ఇది చూశాడు. లేచి వచ్చి తన పేరుతో నాకు సిస్టం తెరిచి ఇచ్చాడు.

కాపలా ఓపికను పది సెకన్లకు పెంచేస్తే సరిపోదా అని ఆయన అడిగాడు. సరిపోదు. గాలిని శుభ్రం చేసే ప్రోగ్రాం నిజంగా బిగుసుకుపోతే మనిషికి పది సెకన్లపాటు చెడుగాలి వెళుతుంది. అందుకే కాపలాను ముట్టుకోకుండా వేరే దారి పట్టాను. "పైకితేల్చు" ప్రతి అర సెకనుకూ నేను పనిలోనే ఉన్నానని కాపలాకు చెప్పాలి. చెప్పినంతసేపూ కాపలా దాన్ని ముట్టుకోదు. ఒకవేళ చంపి మళ్లీ మొదలుపెట్టినా, నిండిన సంచిని ఖాళీ చేయకూడదు.

నా పాత టెస్టు చెరిపేశాను. కొత్త టెస్టు పన్నెండు బారల లోతు ఇచ్చి, సంచి నిండేదాకా కాచుకుని కూర్చుంటుంది. మొదట దాన్ని పాత ప్రోగ్రాం మీద నడిపాను. ఫెయిలైంది. అది చూసి కుర్చీలో వెనక్కి వాలి కాసేపు కళ్లు మూసుకున్నాను. ఈ వారంలో నాకు నిజం చెప్పిన మొదటి టెస్టు అదే.

నవంబరు 15

ప్రోగ్రాం కాస్త పెరిగింది. "పైకితేల్చు" ఇప్పుడు డెబ్బై ఒక్క వరుసలు. టెస్టు యంత్రాల సెట్టింగులు, పెట్టెల సెట్టింగులు వేరువేరు ఫైళ్లలో ఉండకుండా ఒక్క ఫైలు చేశాను. అంకె మారిస్తే రెండుచోట్లా మారుతుంది. బిల్డ్ నడిపాను. డెబ్బై ఒకటిలో డెబ్బై.

నడవని ఆ ఒక్క వరుస నేను కొత్తగా చేర్చింది, రెండు బ్యాటరీలూ ఒకేసారి పోతే, ఆరిపోయేలోపు మిగిలే కాస్త కరెంటుతో గ్యాసు సీసా స్ప్రింగు వాల్వును వదిలేది. దానికి టెస్టు రాయాలంటే చిన్న బ్యాటరీ కూడా ఊడిపోయినట్టు యంత్రానికి నమ్మించాలి. రెండు రోజుల పని.

కింద ర్యాంపు మీద ఈ మాట చెబితే గొణుగుడు మొదలైంది. సీజను అప్పటికే అయిదు రోజులు వెనకపడింది. చివర నిలబడ్డ ఒకామె అంది, "ఒక్క వరసే గదా దేవుడమ్మా. రెండూ ఒక్కపాలి ఎక్కడ పోతాయి?"

వాళ్ల పొయ్యిలు నేను చూస్తూనే ఉన్నాను. మా ఇంట్లోనూ అంతే, నిన్న అంబలి తాగి పడుకున్నాం.

వదిన "ఆ ఒక్కటీ పనిసేసీది ఎప్పుడు?" అని నన్ను అడిగింది.

"మిగతాయన్నీ అయిపోయినప్పుడు వొదినా. ఆకర్ని అదొక్కటే ఉంటాది."

"అయితే రెండ్రోజులు ఆగుదాం," అంది. చివరామె కాసేపు నిలబడి, తన పెట్టె తీసుకెళ్లి మళ్లీ కొక్కేనికి తగిలించింది.

నవంబరు 17

డెబ్బై ఒకటికి డెబ్బై ఒకటి. దారి సరైనదే, ఆరు ఫలితాల ఫైళ్లూ వచ్చాయి, మినహాయింపు జాబితాలో దీపం, పాట మాత్రమే ఉన్నాయి. మధ్యాహ్నం అయిదు ఇసుక సంచులూ పన్నెండు బారల నుంచి వాటంతట అవే పైకి వచ్చాయి. రెండింటికి రెండు బ్యాటరీలూ ఊడదీశాం. అవీ వచ్చాయి. శశిభూషణరావు గారు తన తాళం తిప్పి, రెండోది నా చేతికి ఇచ్చాడు. అది మండలి దృష్టిలో నాది కాదు. తిప్పాను.

నవంబరు 18

దిగారు. అందరూ వచ్చారు. నాచు కాస్త ముదిరింది గానీ పనికొస్తుంది.

నవంబరు 26

మండలి నుంచి ఫారం వచ్చింది. నేను సంతకం చేసి పంపితే సస్పెన్షను ఎత్తేస్తారట. "సమస్యకు కారణం" అన్న గడి వాళ్లే నింపి పంపారు. "కవరేజి రిపోర్టులో సాంకేతిక లోపం. సరిచేయబడినది."

ఇదే కాపలా ముక్క మరో పద్నాలుగు తీరాలకు వెళ్లిందని శశిభూషణరావు గారు చెప్పాడు. కారణం రిపోర్టు లోపమని రికార్డయితే, అక్కడ ఎవరూ కాపలావైపు చూడరు. అక్కడి బిల్డ్ కాపరులకు కూడా ఎర్రగా సున్నా కనిపిస్తూ ఉండి ఉంటుంది. జాబితాలో పెట్టెయ్యమని వాళ్లకూ ఎవరో చెబుతూ ఉంటారు.

గడిలోది కొట్టేసి పైన రాశాను. "రిపోర్టులో లోపం లేదు. కాపలా వల్ల పైకితేల్చు మధ్యలో ఆగిపోతోంది. లోతు నీళ్లలో మనిషి పైకి రాదు. మీ తీరంలో పెట్టెలు వెంటనే ఆపండి." పంపాను.

డిసెంబరు 2

ఫారం తిరిగి వచ్చింది. "కొట్టివేతలు అంగీకరించబడవు." కొత్త ఫారంలో అదే వాక్యం అచ్చయి ఉంది. దాన్నీ కొట్టేసి, అదే రాసి పంపాను.

డిసెంబరు 9

మళ్లీ వచ్చింది. ఈసారి కాగితానికి ఒక చీటీ పిన్ను చేసి ఉంది. ఇదే చివరి అవకాశమని, నేను రాసింది ఒక వ్యక్తి అభిప్రాయం మాత్రమేనని.

ఫారం పట్టుకుని ర్యాంపు దగ్గరికి వెళ్లాను. పని ముగించుకుని పైకి వచ్చినవాళ్లు తలలు ఆరబెట్టుకుంటున్నారు. చీటీ చదివి వినిపించాను. లింగరాజు బాబాయి పెట్టెల మీద నంబర్లు వేసే నల్లరంగు పెన్ను తీసుకొచ్చాడు. అచ్చయిన వాక్యాన్ని ఈసారి నేను కొట్టెయ్యలేదు. వదిన కొట్టేసింది. పైన నేను మళ్లీ అదే రాశాను. కింద వదిన తన పేరు రాసింది, వాసుపల్లి నూకరత్నం అని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. తరవాత పెన్ను చేతులు మారింది. తడిచేతుల వల్ల కొన్ని పేర్లు అలుక్కుపోయాయి, అవి మళ్లీ రాయించాను. మేనేజరు మేడ దిగి వచ్చి, ఎవరూ పిలవకుండానే వరుసలో నిలబడ్డాడు.

ఫారంలో సంతకానికి ఒకే గడి ఉంది. నలభై ఆరు పేర్లు అంచులు దాటి, వెనకవైపుకు తిరిగి, అక్కడా సగం పేజీ నిండాయి. ఒకటి మండలికి పంపాను. పద్నాలుగు నకళ్లు తీసి, నాచు తీసుకెళ్లే పడవల్లో పద్నాలుగు తీరాల బిల్డ్ కాపరులకు పంపాను.